పండుగ దాకా ఆపిన ఉత్తరం

మూడు గంటలు కొట్టి, తాడు కొక్కేనికి తగిలించి, మెట్లెక్కి వచ్చాను. పదిహేడు మెట్లు. ఒకప్పుడు వీటిని లెక్కపెట్టే పని ఉండేది కాదు, ఇప్పుడు ఎనిమిదో మెట్టు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంటే గాని తొమ్మిదోది కాలికి అందదు. నర్సు పిల్ల దిండు సర్దుతోంది. "నువ్వెళ్ళి టీ తాగి రా తల్లీ, ఈ గంట నేను కూర్చుంటాను" అన్నాను. ఆ పిల్ల నా ముఖం వంక ఒకసారి చూసి, "నాలుగింటికి ఫాదర్ గారు వస్తారు సిస్టర్ గారూ, నూనె రాసి ప్రార్థన చేస్తారట. ఆలోగా వచ్చేస్తాను. పెదాలు ఎండిపోతుంటాయి, ఈ దూది తడిపి అద్దుతూ ఉండండి. పక్షవాతంతో పడిపోయిన వైపు మాత్రం ఎక్కువసేపు ఒత్తిగిల్లనివ్వకండి. మాట లేదు గాని అన్నీ వినపడతాయి ఆవిడకి. ఒకసారి తడితే అవునని, రెండుసార్లు తడితే కాదని" అంది, నాకేదో కొత్తగా చెప్తున్నట్టు. మూడు వారాలుగా చూస్తూనే ఉన్నాను. అన్నీ వినపడతాయి, అదే కదా నా ప్రాణానికి వచ్చింది. వినపడదంటే ఈపాటికి ఎప్పుడో చెప్పేసి, చెప్పానని నన్ను నేను నమ్మించుకుని, హాయిగా కింద కూర్చుని జపమాల తిప్పుకునేదాన్ని. నాలుగింటికి ఫాదర్ గారు వచ్చాక ఈ గదిలోకి అందరూ వస్తారు, ఆ తర్వాత ఆమెకు మెలకువ ఉంటుందో ఉండదో డాక్టరు కూడా చెప్పలేనన్నాడు. నలభై ఆరేళ్ళుగా నోట్లో పెట్టుకుని తిరుగుతున్న మాట చెప్పడానికి నాకు మిగిలింది ఈ ఒక్క గంట. అందులో అయిదు నిమిషాలు మెట్లకే పోయాయి.

కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుని కూర్చున్నాను. కళ్ళు తెరిచే ఉంది. ఎడమ చెయ్యి మంచం అంచున వడ్రంగి బిగించిన చెక్క మీద ఉంది, కుడి చెయ్యి ఎవరో మరిచిపోయి వెళ్ళిన చేతి తొడుగులా దుప్పటి మీద పడి ఉంది. మేమందరం ఈమెను పిచ్చుక అంటాం. చిన్న చిన్న అడుగులతో గబగబా నడిచేది, మాట కూడా అంతే, అవతలివాళ్ళు ఒక ముక్క అనేలోపు తను నాలుగు అనేసేది. నన్ను గడియారం అన్నది కూడా ఈమే. గంట కొట్టే పని నాకు అప్పగించిన మొదటి వారంలోనే, "దీన్ని గోడకి తగిలించండి మదర్, బ్యాటరీ కూడా అక్కర్లేదు" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఆ పేరు అలాగే నిలిచిపోయింది. నిజానికి నాకు ఆ పేరంటే గర్వం. జ్వరం వచ్చినా, చలి కొరికేస్తున్నా, ఈ ఇంట్లో గంట ఒక్క నిమిషం అటూ ఇటూ కాలేదు. ఇదిగో, ఇప్పుడు కూడా కన్ను నా చేతి వాచీ మీదకే పోతోంది. మూడూ ఎనిమిది. పిచ్చుకకి కుడిపక్కన కిటికీ ఉంది. కిటికీలోంచి చూస్తే వెనక ప్రహరీ, ప్రహరీ పక్కన పోయిన సిస్టర్లను పాతిపెట్టిన స్థలం, ఒకే కొలతలో పాతిన రాళ్ళు. పడిపోయిన రెండో రోజునే నర్సు ఆమెను అటు తిప్పబోతే టకటకా రెండుసార్లు తట్టింది. గాలి వస్తుంది కదా సిస్టర్ అంటే మళ్ళీ రెండుసార్లు తట్టింది. చావును తలుచుకుని భయపడుతోంది పాపం అంది నర్సు. భయం కాదు. అక్కడ మూడో వరసలో చివరి రాయి ఒకప్పుడు ఈ ఇంటి పెద్ద అయిన పత్తి మదర్‌ది, ఆ రాయి ముఖం చూడడం ఆమెకు ఇష్టం లేదు. ఎందుకిష్టం లేదో ఆమె కాక ఈ భూమి మీద నాకొక్కదానికే తెలుసు.

దూది తడిపి పెదాలకు అద్దాను. చప్పరించింది. "ఇంకా కావాలా?" అంటే ఒకసారి తట్టింది. వేలి కణుపుతో, చెక్క మీద, టక్. ఆ చప్పుడు వినగానే నా ఒళ్ళు ఇప్పటికీ నిటారుగా అవుతుంది. మేమిద్దరం ఒకే ఏడు, ఒకే వారం ఈ ఇంట్లో చేరాం, చెరో ఇనప్పెట్టెతో. ఆ రోజుల్లో శుక్రవారం సాయంత్రం సభ ఉండేది. తప్పుల సభ. చిన్నవాళ్ళతో మొదలుపెట్టి ఒక్కొక్కరూ మదర్ బల్ల ముందు మోకరిల్లి ఆ వారం చేసిన తప్పులు పైకి చెప్పాలి. తలుపు చప్పుడు చేశాను, కప్పు పగలగొట్టాను, మౌనం వేళ మాట్లాడాను, ఇలాంటివే. మదర్ మారు మాట్లాడరు, వేలి కణుపుతో బల్ల మీద ఒకసారి తడతారు. అదే లేవమని. తప్పు ఇంకో సిస్టర్ విషయంలో చేసి ఉంటే వెళ్ళి ఆమె ముందు మోకరిల్లాలి, అప్పుడు ఆమె తను కూర్చున్న బెంచీ మీద తట్టాలి. అంతే, మాటలు ఉండవు, క్షమించానని గాని, పోనీలే అని గాని. తట్టేదాకా మోకాళ్ళ మీంచి లేవకూడదు. ఒకసారి పిచ్చుక తన తప్పులు ఏకరువు పెడుతుండగా మదర్‌కి కునుకు పట్టేసింది. ఎవరూ లేపలేదు, లేపకూడదు. పిచ్చుక అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయింది, నేను కొట్టిన భోజనం గంటకు మదర్ ఉలిక్కిపడి లేచి బల్ల తడితే అప్పుడు లేచింది, లేచి నడవాలోకి వచ్చి గోడకు చేరగిలబడి నోట్లో పైట కుక్కుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "నేను స్వర్గం ముందు కూడా ఇలాగే ఉంటానే గడియారం, ఆయన కునుకు తీస్తుంటాడు, నువ్వొచ్చి గంట కొట్టాలి" అంది. ఇప్పుడా నోరు ఒక పక్కకు జారిపోయి ఉంది. నవ్వుతోందో లేదో పోల్చుకోలేను.

చెప్పు. మూడూ పదిహేను. చెప్పు ముసల్దానా. గొంతు సవరించుకున్నాను. ఆమె కళ్ళు నా వైపు తిరిగాయి. "ఎండ తగ్గింది" అన్నాను. ఇదా నేను చెప్పాలనుకున్నది. ఆమె తట్టలేదు, ఎండకు అవునూ కాదూ ఏముంటుంది. పక్క బడిలో పిల్లలు ఏదో పద్యం కోరస్‌గా అప్పజెపుతున్నారు, ఒకే గొంతు ముందు పోతుంటే మిగతావి దాని వెనక పరిగెడుతున్నాయి. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు గంటతో పాటు టపా పని కూడా నాకే ఇచ్చారు. వీధి తలుపు పక్క చిన్న గది, బల్ల, సొరుగు, ఉత్తరాలు కోసే సన్నటి చాకు. వచ్చిన ప్రతి కవరూ కోసి మదర్ ముందు పెట్టాలి. ఆవిడ చదివాకే అది సిస్టర్ చేతికి వెళ్ళేది. మేం రాసినవి కూడా అతికించకుండా ఇవ్వాలి. ఇక తపస్సు కాలం నలభై రోజులూ ఉత్తరాలే ఇవ్వరు. సొరుగులో పడి ఉంటాయి, ఈస్టర్ రోజు పొద్దున ఫలహారం అయ్యాక పంచుతారు. చావు కబురైతే తప్ప. అంతకుముందున్న మదర్ చేతిలో ఎప్పుడూ ఒక సన్నటి బెత్తం ఉండేది, ఎవరినీ కొట్టేవారు కాదు గాని బెత్తం మదర్ అనేవాళ్ళం. ఆవిడ చావంటే చావే, జబ్బు కాదు అనేవారు. ఆవిడ తర్వాత వచ్చినావిడ మెత్తన, ఎవరి కంట నీళ్ళు చూసినా తనూ పెట్టుకునేవారు, అందుకే పత్తి మదర్. ఆ ఏడు తపస్సు కాలంలో ఆవిడ వేరే ఊళ్ళలోని మా సిస్టర్ల ఇళ్ళు చూసి రావడానికి రెండు వారాలు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళే ముందు సొరుగు తాళం నా చేతిలో పెట్టి, "నేను లేనప్పుడు నువ్వే చదువు. ఎవరింట్లో అయినా బాగాలేదని ఉంటే ఇచ్చెయ్యి. అనుమానం వచ్చినా ఇచ్చెయ్యి. నియమం కోసం మనుషుల్ని ఏడిపించకూడదు" అన్నారు. ఈ మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తు. గుర్తు లేకపోతే బతికిపోయేదాన్ని.

ఆవిడ వెళ్ళిన నాలుగో రోజు వచ్చింది, నీలం రంగు కవరు. పిచ్చుక చెల్లెలు రాసింది. పిచ్చుక ఇల్లు వదిలి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి, మళ్ళీ ఈ గడప తొక్కావంటే నా శవాన్ని చూసినట్టే అందట. ఆ మాట పిచ్చుక నాకు నవ్వుతూనే చెప్పింది, బట్టలు ఆరేస్తూ, క్లిప్పు పళ్ళ మధ్య పెట్టుకుని. ఆరేళ్ళలో ఆ ఇంటినుంచి వచ్చిన మొదటి ఉత్తరం అది. చాకుతో కోశాను. చిన్న ఉత్తరం. 'అక్కా, అమ్మ పది రోజులుగా ఏమీ తినడం లేదు. మంచినీళ్ళు కూడా చెంచాతో పోస్తున్నాం. ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకున్నానని నీకు రాయమంది. వీధి తలుపు వెయ్యనివ్వడం లేదు, నువ్వు వస్తావని. ఒక్కసారి వచ్చి వెళ్ళు. రాలేకపోతే ఒక్క ముక్క రాయి, చదివి వినిపిస్తాను.' అంతే. పైన తేదీ. బస్సులో సగం రోజు ప్రయాణం. ఇందులో అనుమానానికి చోటెక్కడుంది? నేను ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాను. మూడుసార్లూ చావు అనే మాట ఎక్కడా లేదని చూసుకున్నాను. లేదు, ఎక్కడా రాయలేదు, ఏ బిడ్డ రాస్తుంది ఆ మాట. మడిచి కవర్లో పెట్టి, సొరుగులో పెట్టాను, తాళం వేశాను. ఆ సాయంత్రం కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే పిచ్చుక వచ్చింది. అప్పటికే ఆమె పక్కనున్న కాన్పుల గదిలో పని చేసేది, చేతులకు ఎప్పుడూ డెట్టాల్ వాసన. "ఏమే గడియారం, నాకేమైనా వచ్చిందా?" అంది. తపస్సు కాలంలో అలా అడగడమే తప్పు, అందుకే నవ్వుతూ అడిగింది, అడగనట్టు అడిగింది. ఇప్పుడనుకుంటాను, ఎవరి మనసుకైనా తెలుస్తుందేమో, ఏ కబురూ లేకుండానే. "పండుగకి చూద్దాంలే" అన్నాను. తాళం చెవి నడుముకు వేలాడుతోంది, కుళాయి కట్టేటప్పుడు అది గట్టుకు తగిలి చప్పుడైంది. ఆమె చేతులు విదిలించి వెళ్ళిపోయింది.

మూడూ ఇరవై ఆరు. పెదాలు మళ్ళీ తడిపాను. ఆ ఉత్తరం తేదీ తర్వాత పదకొండో రోజున వాళ్ళమ్మ పోయింది. ఆ కబురు ఇంటికొచ్చేసరికి పత్తి మదర్ తిరిగి వచ్చి ఉన్నారు, ఆవిడే చదివారు, చదివి పిచ్చుకను గదిలోకి పిలిచి తలుపు వేసుకుని ఆమెను పట్టుకుని ఏడ్చారు. "ముందే రాసి ఉంటే నిన్ను పంపించేదాన్ని కదమ్మా, ఒక్క ముక్క ముందు రాసి ఉంటే" అన్నారట. పిచ్చుకే చెప్పింది నాకు, కళ్ళు తుడుచుకుంటూ, "ఎంత మంచిదే మన మదర్" అని. అప్పుడైనా వెళ్ళి సొరుగు తెరవచ్చు. తెరవలేదు. మదర్‌తో చెప్పలేదు, నేను చదివి పెట్టినవి ఆవిడ మళ్ళీ విప్పి చూడలేదు. ఈస్టర్ పొద్దున ఫలహారం బల్లల దగ్గర, గుడ్లు ఒలిచిన పెంకులు ఇంకా పళ్ళాల్లోనే ఉండగా, మదర్ నవ్వుతూ నా చేతికి కట్ట ఇచ్చి పంచమన్నారు, నీలం కవరు ఆ కట్టలో మూడోది. పిచ్చుక చదివింది. తేదీ చూసింది. వేళ్ళ మీద లెక్కపెట్టడం చూశాను, బొటనవేలు ఒక్కొక్క కణుపు మీదకీ జరగడం. తర్వాత నడవాలో నన్ను ఆపి, నవ్వు లేని ముఖంతో, "ఇది ఎవరు చదివారు?" అంది. నా నోరు అబద్ధం అనుకోలేదు, ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. "ఉత్తరాలు మదర్ చదువుతారు కదా." అంతే. ఆమె బల్లల వైపు చూసింది, అక్కడ పత్తి మదర్ ఎవరికో గుడ్డు ఒలిచి పెడుతున్నారు. ఆ క్షణంలో ఆమె ముఖం మూసుకుపోవడం నా కళ్ళతో చూశాను. 'ఉత్తరం దగ్గర పెట్టుకుని కూడా నన్ను పట్టుకుని ఏడ్చి, ముందే రాసి ఉంటే అని నా ముఖం మీదే అబద్ధం ఆడింది మదర్' అనుకుని ఉంటుంది పిచ్చుక. నేనైనా అలాగే అనుకునేదాన్ని.

ఆ తర్వాత పిచ్చుక చెల్లెలికి ఏడు ఉత్తరాలు రాసింది. ఇంటి లోపలి సంగతులు బయటికి రాయకూడదు కాబట్టి, నీ ఉత్తరం నాకు ఇవ్వలేదు అని రాయలేదు, క్షమించు అని మాత్రం రాసింది. ఏడూ నా చేతుల మీదుగానే వెళ్ళాయి. ఒక్కదాని అంచున నేనొక ముక్క రాసి ఉంటే సరిపోయేది. ఒక్కదానికీ జవాబు రాలేదు. నలభై ఆరేళ్ళలో ఆమె పేరున ఈ ఇంటికి ఇంకొక ఉత్తరం రాలేదు, టపా చూసేది నేనే కాబట్టి ఈ లెక్క ఎవరికన్నా నాకే బాగా తెలుసు. ఆమె మాత్రం కాన్పుల గదిలో పుట్టిన పిల్లల్ని గుడ్డలో చుట్టి ఎత్తుకుని తల్లి పక్కన పెట్టి, "నీకు ఉత్తరం వచ్చిందమ్మా, విప్పి చూసుకో" అనేది. తల్లులు నవ్వేవాళ్ళు. గుమ్మంలో నేను విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. రెండు రోజులు నిలబడే ఉండి కాన్పులు చేసిన రోజులున్నాయి ఆమెకు, బిడ్డ పోతే తల్లి కంటే ముందు తను కూలబడిన రోజులున్నాయి. రక్తంలో మోచేతుల దాకా మునిగి వచ్చి, గుడిలో చివరి బెంచీలో కూర్చుని నిద్రపోయేది, నేను గంట కొట్టేటప్పుడు తాడు కొంచెం మెల్లగా లాగేదాన్ని. అదొక్కటే నేను ఆమెకు చేసిన మేలు. పత్తి మదర్‌తో మాత్రం అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. కోపం చూపించదు, మర్యాద తప్పదు, అడిగింది చేస్తుంది, వెళ్ళిపోతుంది. ఆవిడకు అది అర్థం అయ్యేది కాదు. పదహారేళ్ళు అర్థం కాలేదు. చివరికి పదవి దిగిపోయి, ముసలై, కర్ర పట్టుకుని నడిచే రోజుల్లో ఒక శుక్రవారం సభలో లేచారు. కర్ర బెంచీకి ఆనించి, నేల పట్టుకుని, అందరి ముందూ పిచ్చుక కాళ్ళ దగ్గర మోకరిల్లారు. "నేనేం చేశానో నాకు తెలియదు తల్లీ. ఏదో పెద్ద తప్పే చేసి ఉంటాను. నన్ను లేపు" అన్నారు.

పిచ్చుక తట్టలేదు. చెయ్యి బెంచీ మీదే ఉంది, కణుపు చెక్కకు తగిలేంత దగ్గరలో, తట్టలేదు. నేను అదే బెంచీలో, ఆమెకు ఒక మనిషి అవతల. గోడ గడియారం చప్పుడు వినపడుతోంది. అప్పుడు నేను లేచి ఒక్క మాట అంటే ఆ ముసలావిడ లేచేది, పిచ్చుక లేచేది, నేను కూలిపోయేదాన్ని. కూలిపోవడం ఇష్టం లేక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపటికో కొత్త మదర్ తన బల్ల తట్టి ఆవిణ్ణి లేపింది. మరుసటి చలికాలం పత్తి మదర్ పోయారు. పిచ్చుక మదర్ అయిన ఏడాదే తప్పుల సభ తీసేసింది, ఉత్తరాలు చదవడం తీసేసింది. ఇకమీదట ఎవరి ఉత్తరం వాళ్ళదే అని చెప్పి, చాకు నా దగ్గర్నుంచి తీసుకుని వంటింట్లో ఇచ్చేసింది. అది ఇస్తున్నప్పుడు నా వంక చూసి, "నీ తప్పేముందిలే గడియారం, నీకు చెప్పింది చేశావు" అంది. జాలిపడింది నా మీద. ఆ జాలిని పాతికేళ్ళకు పైగా అనుభవించాను.

ఫాదర్ ముందు చేసే పాపసంకీర్తనంలో చెప్పలేదా అంటే చెప్పాను. ప్రతి ఏడూ చెప్పాను. నియమాన్ని ప్రేమ లేకుండా పాటించాను ఫాదర్, ఒక సిస్టర్‌కి అందువల్ల బాధ కలిగింది. ఎంత నున్నగా ఉందో ఈ మాట. ఫాదర్లు కూడా మెచ్చుకున్నంత పని చేసేవాళ్ళు. నియమం ఎక్కడుంది ఇందులో? నియమాన్ని పత్తి మదర్ నా చేతిలో పెట్టి విప్పేసి వెళ్ళారు. నీలం కవరుకు రెండేళ్ళ ముందు, బెత్తం మదర్ రోజుల్లో, మా అన్నయ్య రాశాడు, అమ్మకి బాగాలేదు, నిన్నే అడుగుతోంది అని. అది సొరుగులోనే ఉండిపోయింది, అమ్మ పోయిన కబురు ముందు అందింది, ఈస్టర్ రోజున ఈ ఉత్తరం అందింది. నేను ఏడవలేదు. గుడ్డు ఒలుస్తూనే చదివాను. బెత్తం మదర్ అందరి ముందూ బెత్తం నా వైపు చూపించి, "విధేయత అంటే ఇదీ, చూసి నేర్చుకోండి" అన్నారు. నేను పొంగిపోయాను. మా అమ్మ నన్నడుగుతూ చచ్చిపోతే దానికి నాకు మెప్పు వచ్చింది, ఆ మెప్పు తప్ప నా దగ్గర అమ్మది ఇంకేమీ లేదు. అలాంటప్పుడు నీలం కవరు వచ్చింది. పిచ్చుకకు సగం రోజు బస్సు, తెరిచిన తలుపు, అమ్మ చెయ్యి. నాకివ్వనిది దీనికెందుకివ్వాలి? అదీ సంగతి. ఇంతే ఉంది. ఇది ఇస్తే నేను ఏడవకుండా కూర్చున్న ఆ పొద్దున్న ఒట్టిదైపోతుంది, నా అమ్మ ఊరికే పోయినట్టు అవుతుంది అనిపించింది. ఆ కుళ్ళుకు తెల్ల ముసుగు వేసి, విధేయత అని పేరు పెట్టి, నలభై ఆరేళ్ళు గంట కొట్టాను.

మూడూ నలభై ఒకటి. ఇప్పుడు చెప్పడం దేనికి అని ఇంకో గొంతు. నీ బరువు దింపుకోడానికి చావబోయే మనిషి గుండె మీద పెడతావా, ఆమె ఇన్నాళ్ళూ తప్పు మనిషిని ద్వేషించిందని చెప్పి పంపిస్తావా, ఆ ముసలావిణ్ణి నేల మీద ఉంచేసిన సాయంత్రాన్ని ఇప్పుడామెకు మళ్ళీ చూపిస్తావా, నోరు మూసుకుని దూది అద్దు, ప్రేమ అంటే అదీ. ఈ గొంతు నాకు తెలుసు, చావు అనే మాట రాయలేదు కదా అన్నది కూడా ఇదే. కుర్చీలోంచి లేచాను. మంచం చెక్క పట్టుకుని ఒక మోకాలు, తర్వాత ఇంకొకటి. నేల చల్లగా ఉంది. ఆమె కళ్ళు కిందకు దిగాయి నాతో పాటు, ఏమైందన్నట్టు. "పిచ్చుకా, నాకు సాయం పిలవద్దు, పడిపోలేదు. సభలో లాగా మోకరిల్లాను" అన్నాను.

"నీలం కవరు గుర్తుందా? మీ చెల్లెలు రాసింది. అది పత్తి మదర్ చదవలేదే. ఆవిడ ఊళ్ళో లేరు. నేను చదివాను. అనుమానం వస్తే ఇచ్చెయ్యమని చెప్పే వెళ్ళారు. నాకు అనుమానం కూడా కాదు, మీ అమ్మ పోతుందని తెలిసింది. తెలిసే దాచాను. మా అమ్మప్పుడు నాకివ్వలేదు, నీకెందుకివ్వాలనుకున్నాను. కుళ్ళుకున్నాను. నువ్వడిగినప్పుడు మదర్ మీదకు తోశాను. ఆవిడకు ఆ ఉత్తరం సంగతే తెలియదు. నీ కోసం ఏడ్చినప్పుడు నిజంగానే ఏడ్చారు. నీ ముందు మోకరిల్లిన రోజు కూడా ఎందుకో తెలియదు. పోయేదాకా తెలియదు." ఇంత పొడుగు మాటలు నేను ఎప్పుడూ మాట్లాడలేదు. బడిలో పద్యం ఆగిపోయింది. "విన్నావా?" అన్నాను.

టక్. ఒకసారి. విన్నది. కళ్ళు నన్ను వదలలేదు. ఎడమ కంట్లోంచి నీరు చెవి వైపు జారింది, కుడి కన్ను తడిగా ఊరికే చూస్తోంది. నేను తల వంచుకున్నాను. వేలు చెక్క మీదే ఉంది, నా నుదుటికి జానెడు దూరంలో, చర్మం కాగితంలా పల్చబడి, కాన్పుల గదిలో నానిన ఆ వేలు. లేపు అని అడగకూడదనుకున్నాను, అడిగాను. "లేవనా?" వేలు కదల్లేదు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, కదల్లేదు. ఎంతసేపో తెలియదు, వాచీ చూసుకోలేదు. తర్వాత మొదలుపెట్టింది. టక్ టక్ టక్ టక్, ఏదో కావాలని. "నీళ్ళా?" రెండుసార్లు. "నర్సునా?" రెండుసార్లు. "ఒత్తిగిలిస్తే బాగుంటుందా?" ఒకసారి. "ఎటు? ఇటేనా?" రెండుసార్లు. "కిటికీ వైపా?" ఒకసారి, గట్టిగా.

ఆమె పని కాబట్టి లేచాను, నన్ను లేపినందుకు కాదు. నర్సు చేసినట్టే కింది దుప్పటి అంచు గుప్పిట చుట్టుకుని, ఒకటి రెండు మూడు అనుకుని పైకి లాగి అటు తిప్పాను. పిట్టంత మనిషి, అయినా నా నడుం పట్టేసింది. పడిపోయిన వైపు ఒత్తిగిల్లింది, ముఖం కిటికీకి, వీపు నాకు. వీపు వెనక దిండు దోపాను. తెల్ల చొక్కా గుండీల మధ్యనుంచి వెన్నుపూసలు లెక్కపెట్టొచ్చు. వంగి చూస్తే ఆమె చూపు ఎటు పోతోందో నాకు కనిపించింది. మూడో వరస, చివరి రాయి. నేను ఆ వీపు వెనక, ఇందాకటి చోటే మళ్ళీ మోకరిల్లాను. నాలుగు అయి ఉంటుంది. తాడు కొక్కేనికి ఉంది. కింద ఎవరో, గంట ఇంకా కొట్టలేదేంటి అంటున్నారు. ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేవడం చూశాను, కిటికీ కింది చెక్క అందుకోవడానికి. రెండుసార్లు అందలేదు. మూడోసారి అందింది. వేలు మడిచి, కణుపుతో, తట్టింది. ఒకేసారి, గట్టిగా, సభలో లాగా.

నా మోకాళ్ళు నన్ను అడగకుండానే లేవబోయాయి. అంతలో ఆమె తల చూశాను. అది నా వైపు తిరగలేదు. చూపు ఆ రాయి మీదే ఉంది. ముప్పై ఏళ్ళుగా నేల మీద ఉన్న ముసలావిణ్ణి లేపింది. ఆ తట్టు నాది కాదు. మోకాళ్ళు మళ్ళీ నేలకు ఆనించాను. చెయ్యి కిటికీ చెక్క మీంచి జారి దుప్పటి మీద పడింది, మళ్ళీ చెక్క వైపు రాలేదు. మెట్ల మీద అడుగులు, తలుపు తెరిచిన చప్పుడు, నూనె సీసా పళ్ళెంలో కదిలిన చప్పుడు. "అయ్యో, అటు తిప్పారేంటి? లేవండి సిస్టర్ గారూ, ఫాదర్ గారు వచ్చారు" అంది నర్సు పిల్ల, నా భుజం పట్టుకుని. నేను లేవలేదు.